హస్తవాసి నేర్పే ఊరు

మన పల్లెటూళ్లలో ఒక వైద్యుని మెచ్చుకోవలసి వస్తే ఆయన ఎక్కడ చదివినాడో, ఏ మందు ఇచ్చినాడో ఎవరూ చెప్పరు. "ఆయన హస్తవాసి మంచిది" అంటారు. అంతటితో సరి. అది పుట్టుకతో వచ్చే భాగ్యమే గాని బడిలో కూర్చుండబెట్టి నేర్పదగిన విద్య కాదని మనవారి నమ్మకం. నేనూ మొన్న మొన్నటి దాకా అట్లాగే అనుకొన్నాను.

కిందటి వేసవిలో నా పూర్వశిష్యుడొకడు అమెరికా నుంచి ఫోను చేసినాడు. ఇరవై అయిదేండ్లుగా అతనికి అక్కడనే ఉద్యోగం. కుమార్తె వైద్యవిద్యలో చేరిందన్న శుభవార్త చెప్పుతూ ఉన్నా, అతని గొంతులో సంతోషం కన్న సంకోచమే ఎక్కువగా వినిపించినది. ఏమిటయ్యా సంగతి అని అడిగితే అసలు మాట బయటపెట్టినాడు.

"మాస్టారూ, అమ్మాయికి వచ్చినది ఎం.డి. సీటు కాదండీ, డి.ఓ. సీటు. ఇక్కడి మనవాళ్లతో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. బెజవాడలో మా బావగారికి చెబితే, 'ఓహో, కంటి వైద్యమన్నమాట' అని తేల్చేశారు."

బావగారి తప్పేమీ లేదు. మన ఊళ్లలో కంటి వైద్యుల పేర్ల ప్రక్కన డి.ఓ. అన్న అక్షరాలు చూచి ఎరిగినవారమే గదా మనమంతా! అది నేత్రవైద్యంలో డిప్లొమా. అమెరికా డి.ఓ. వేరు. అది డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. "అది తక్కువ చదువా, మాస్టారూ?" అని నా శిష్యుడు అడిగినాడు. తెలుగు పంతులును అడగవలసిన ప్రశ్న కాదది. కాని ముప్పది ఏండ్లుగా శిష్యులు అడిగినదానికి జవాబు వెదకి చెప్పడం అలవాటైనవాణ్ణి. ఓ నాలుగు నెలల పాటు, దొరికినదల్లా చదివినాను. చదివినకొద్దీ ఆ ప్రశ్న చిన్నదైపోయి, దాని వెనుక మరొక పెద్ద ప్రశ్న కనబడసాగింది.

ముందు మాట సంగతి. గ్రీకు భాషలో ఆస్టియోన్ అంటే ఎముక. మన సంస్కృతపు "అస్థి"కి అది అక్కచెల్లెలి వరుస. రెండింటికీ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుతారు. పేరు చూచి ఇది మన పుత్తూరు కట్టు వంటిది కాబోలునని ఎవరైనా అనుకోవచ్చు. తొలినాళ్లలో లోకమూ అట్లాగే అనుకొన్నది. ఆ విద్యకు ఆదిగురువైన ఆండ్రూ టేలర్ స్టిల్ సయితం కొంతకాలం తాను మెరుపువేగంతో ఎముకలు సరిచేసేవాడినని ప్రకటించుకొన్నవాడే.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు ఈశాన్య భాగాన కిర్క్స్‌విల్ అని ఒక చిన్న పట్టణం ఉన్నది. జనాభా పదిహేడు వేలకు కాస్త అటూ ఇటూ. మన లెక్కలో ఒక పెద్ద మండల కేంద్రం పాటి. చుట్టూ మొక్కజొన్న చేలు, పశువుల మేతబీళ్లు. ఇంత చిన్న ఊరికి రెండు విద్యాపీఠాలు. ఒకటి 1867లో ఉపాధ్యాయ శిక్షణ కోసం వెలసిన నార్మల్ స్కూలు. నేడది ట్రూమన్ స్టేట్ యూనివర్సిటీ. వైద్యుల కన్న ముందు ఆ ఊరు పంతుళ్లను తయారుచేసినదన్న మాట ఈ పుట చదివే ఉపాధ్యాయ మిత్రులకు రుచించక మానదు. రెండవది 1892లో రెండు గదుల చెక్కయింట మొదలైన అమెరికన్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతి. అదే పెరిగి పెరిగి నేడు ఎ.టి. స్టిల్ యూనివర్సిటీ అయినది. ఆ చెక్కయిల్లును, స్టిల్ పుట్టిన దుంగల గుడిసెను కూడా పదిలంగా తెచ్చి అక్కడి ప్రదర్శనశాలలో నిలిపినారు. ప్రపంచంలో ఆస్టియోపతి విద్యాలయాలు ఎన్ని ఉన్నా, వాటికన్నింటికీ పుట్టినిల్లు అదే.

స్టిల్ 1828 ఆగస్టు 6న వర్జీనియాలో పుట్టినాడు. తండ్రి మెథడిస్టు మతబోధకుడు, వైద్యుడు కూడా. ఆ కాలపు రివాజు ప్రకారం కొడుకు తండ్రి వెంట తిరిగే వైద్యం నేర్చినాడు. పదేండ్ల ప్రాయంలో ఒకనాడు తలనొప్పి భరించలేక, రెండు చెట్ల నడుమ పలుపుత్రాడు నేలకు జానెడు ఎత్తున కట్టి, దానిపై దుప్పటి మడిచి వేసి, మెడ ఆనించి పడుకొన్నాడట. కొంతసేపటికి నొప్పి పోయి నిద్ర పట్టినదట. ముసలితనంలో, 1897లో అచ్చయిన స్వీయచరిత్రలో, ఆయనే ఈ సంగతి ముచ్చటగా వ్రాసుకొన్నాడు. మహానుభావుల బాల్యంలో ఇటువంటి కథ ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. దానిపై నేను పెద్దగా బరువు పెట్టను.

బరువైనది 1864. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పనిచేసిన స్టిల్ ఇంట మెనింజైటిస్ ప్రవేశించినది. మెదడును, వెన్నుపామును చుట్టి ఉండే పొరలకు సోకే వ్యాధి అది. కొద్ది రోజులలో ముగ్గురు పిల్లలు పోయినారు. వైద్యులు శ్రద్ధ చూపలేదని కాదు. తెలిసినదంతా చేసినారు. ఆనాడు తెలిసినదేమిటి? పాదరసపు కాలొమెల్, నల్లమందు, సారాయి, నెత్తురు తీయించడం. తానే వైద్యుడై ఉండి, తన చేతి మందు తన బిడ్డలకే పనికిరాకపోతే ఆ చేతిని ఏమి చేసుకోవాలి? ఈ ప్రశ్నే ఆ మనిషిని పది సంవత్సరాలు కాల్చినది.

ఆ పదేండ్లూ ఆయన ఎముకల పరిశీలనలో పడినాడు. ఇక్కడ ఒక చేదు సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఎముకలు ఎక్కడివి? అమెరికా ఆదివాసుల సమాధులు త్రవ్వి తీసినవి. ఆయనే ఒప్పుకొన్నాడు. ఆ రోజులలో వైద్యం నేర్చుకొనేవారు చాలామంది చేసిన పనే అని సర్దిచెప్పవచ్చును. కాని ఆ సమాధులకూ తల్లిదండ్రులు ఉండి ఉంటారు గదా! తన బిడ్డల గోరీల మీద కన్నీరు కార్చినవానికి ఆ మాట తట్టలేదా అని నాకు అనిపించినది.

1874 జూన్ 22న తనకు సత్యం దొరికినదని స్టిల్ ప్రకటించినాడు. ఆయన తీర్మానం ఇది: దేహం ఒక పొందికైన యంత్రం, తన్ను తాను బాగుచేసుకొనే శక్తి దానిలోనే ఉన్నది, ఎక్కడో ఒక ఎముక, ఒక కండరం చోటు తప్పి రక్తప్రసారానికి, నాడులకు అడ్డు తగులుతుంది, చేతితో ఆ అడ్డు తొలగిస్తే మందుతో పని లేదు. కాన్సాస్ రాష్ట్రంలోని బేకర్ యూనివర్సిటీ స్థాపనకు ఆయన కుటుంబం చేయూతనిచ్చినది. అక్కడనే ఈ మాటలు చెప్పుకొంటానంటే తలుపు తెరవలేదు. మరుసటి ఏడు కిర్క్స్‌విల్ చేరినాడు. ఎముకల సంచీ భుజాన వేసుకొని ఊరూరా తిరిగే ఆ పొడవుగడ్డపు మనిషిని చూచి మొదట నవ్వినారు. తరువాత నడుము పట్టినవారు, మెడ తిరగనివారు, కుంటివారు ఆయన ఇంటి ముందు బారులు తీరినారు. 1890ల నాటికి రోగులతో రైళ్లు దిగుతూ ఉండేవి; వారి కోసం పూటకూళ్ల ఇండ్లు, హోటళ్లు లేచినవి. ఒక మనిషి రెండు చేతుల మీద ఒక ఊరు బ్రతికినదంటే అతిశయోక్తి కాదు.

పాఠశాల పెట్టే వేళకు ఎడింబరోలో వైద్యం చదివిన విలియం స్మిత్ అనే స్కాట్‌లండు డాక్టరు ఆ ఊరికి వచ్చినాడు. ఈ నాటువైద్యుడి గుట్టు ఏమిటో చూద్దామని వచ్చినవాడు, అతని వద్దనే శిష్యుడై, తొలి తరగతికి శరీరనిర్మాణ శాస్త్రం బోధించే గురువైనాడు. ఆ తొలి తరగతిలోనే స్త్రీలూ ఉన్నారు. ఆ కాలానికి అది సామాన్యమైన విషయం కాదు. వారిలో జెనెట్ బోల్స్ అనే ఆమె పట్టం పుచ్చుకొని డెన్వర్ వెళ్లి తానే ఒక ఆస్టియోపతి పాఠశాల నడిపినది. 1894 నుంచి ఆ విద్యాలయం తన పత్రిక తానే అచ్చువేసుకొన్నది. పాఠాలు, రోగుల ఉత్తరాలు, ఊరి కబుర్లు కలిసి వెలువడే ఆ పత్రిక దేశమంతటా ప్రచారం తెచ్చిపెట్టినది.

నా శిష్యునికి మొట్టమొదట చెప్పిన సంగతి ఒకటి ఉన్నది. ఆ పాఠశాల అనుమతిపత్రం ప్రకారం ఎం.డి. పట్టమే ఇచ్చుకొనే హక్కు స్టిల్‌కు ఉండినది. ఆయనే వద్దన్నాడు! తన విద్యార్థులు వేరని లోకానికి తెలియాలని డి.ఓ. అన్న అక్షరాలు ఏరి కోరి పెట్టినాడు. నేడు తండ్రులు చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్న బిరుదు, ఒకనాడు ఒక తండ్రి గర్వంతో పెట్టుకొన్నది.

లోకం ఊరుకోదు గదా. ఈ వైద్యానికి లైసెన్సు ఇవ్వరాదని రాష్ట్రాలలో పోరు సాగింది. 1896లో వెర్మాంట్ మొదట చట్టం చేసినది. స్వరాష్ట్రమైన మిస్సోరీలో ఒక గవర్నరు త్రోసిపుచ్చిన బిల్లును 1897లో మరొక గవర్నరు ఆమోదించినాడు. 1901లో న్యూయార్కు రాష్ట్ర శాసనసభ్యుల ముందు ఆస్టియోపతి పక్షాన మాట్లాడినవాడు మరెవరో కాదు, మార్క్ ట్వేన్. ఆయనా మిస్సోరీవాడే. తన దేహాన్ని ఎవరికి అప్పగించుకోవాలో తేల్చుకొనే స్వేచ్ఛ తనకే ఉండాలన్నది ఆయన వాదం. నవ్విస్తూనే అన్నాడు గాని, అందులో నవ్వులాట లేదు. 1910లో ఆబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా వైద్య కళాశాలలన్నీ తిరిగి చూచి వ్రాసిన నివేదికలో ఆస్టియోపతి పాఠశాలలను తీవ్రంగా ఎండగట్టినాడు. ప్రయోగశాలలు లేవు, చేర్పించుకోవడంలో నియమం లేదు అన్నాడు. ఆ మాటలు చాలావరకు నిజమే.

నాకు కనబడిన పెద్ద ప్రశ్న ఇక్కడ ఉన్నది. స్టిల్ చెప్పినదంతా సత్యం కాదు. వ్యాధులన్నింటికీ మూలం ఎముకల పొందికలోనే ఉన్నదన్న మాట నిలువలేదు. సూక్ష్మజీవుల శాస్త్రం ఆయన కళ్ల ముందే పెరిగింది. ఆయన దానికి పెద్ద పీట వేయలేదు. 1917 డిసెంబరు 12న కిర్క్స్‌విల్‌లోనే కన్నుమూసినాడు. అటు తరువాత రెండు దశాబ్దాలకు సల్ఫా మందులు, మరికొన్నేండ్లకు పెన్సిలిన్ వచ్చినవి. ఆయన బిడ్డలను మింగిన మెనింజైటిస్ వంటి వ్యాధికి విరుగుడు చివరకు మందులోనే దొరికింది! ఏ దుఃఖం ఆయనను మందులకు విరోధిని చేసినదో, ఆ దుఃఖానికి జవాబు మందే అయినది. ఆయన వద్ద చదువుకొన్నవారు, వారి శిష్యులు అప్పుడు ఏమి చేయాలి? గురువు మాట పట్టుకొని కూర్చుంటే రోగి చస్తాడు. రోగిని బ్రతికిస్తే గురువు మాట పోతుంది.

వారు రోగినే ఎంచుకొన్నారు. వాదోపవాదాలు లేకపోలేదు, ఆయన బ్రతికి ఉండగానే అవి మొదలైనవి. కాని 1920 దశకం ముగిసేనాటికి ఔషధశాస్త్రం వారి పాఠ్యక్రమంలోనికి వచ్చి చేరింది. నేడు అమెరికాలో డి.ఓ. చదివేవాడు ఎం.డి. చదివేవాడు నేర్చే మందులన్నీ నేర్చుకొంటాడు, శస్త్రచికిత్స చేస్తాడు, టీకా వేస్తాడు. గురువు చేతి విద్యను మాత్రం వదలలేదు. దానికి అదనంగా సుమారు రెండు వందల గంటలు కేటాయించి నేర్పుతారు. (ఇంగ్లండు మొదలైన దేశాలలో ఆస్టియోపతి చదివినవారు చేతి చికిత్స వరకే పరిమితులు, అక్కడ వారు మందులు వ్రాసే వైద్యులు కారు. ఈ తేడా తెలియక తికమకపడేవారు చాలామంది.) ఆ చేతి చికిత్స అంతటికీ శాస్త్రీయమైన ఋజువులు ఉన్నవని చెప్పను. నడుము నొప్పికి మేలు చేస్తుందనడానికి ఆధారాలున్నవి. కపాలపు ఎముకలను తాకి రోగాలు కుదుర్చుతామన్న శాఖకు బలమైన ఆధారం లేదు, ఆ కళాశాలల అధ్యాపకులలోనే దానిపై తగవు ఉన్నది. తగవు ఉండడమే ఆరోగ్యమని నా అభిప్రాయం.

సమానత్వం మాత్రం సులభంగా రాలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యులుగా డి.ఓ.లను తీసుకోలేదు. 1962లో కాలిఫోర్నియాలో ఒక వింత జరిగింది. అక్కడి రెండు వైద్యసంఘాలూ ఏకమై, అరవై అయిదు డాలర్ల రుసుము చెల్లించిన డి.ఓ.లకు ఎం.డి. పట్టాలు ఇచ్చినవి. రెండు వేల మందికి పైగా పుచ్చుకొన్నారు. లాస్ ఏంజిలిస్‌లోని వారి కళాశాల కూడా పేరు మార్చుకొన్నది. చదువు మారలేదు, చేయి మారలేదు, అక్షరాలు మాత్రం మారినవి. మరి ఈ రెండింటికీ తేడా అరవై అయిదు డాలర్లేనా అని మిగిలిన రాష్ట్రాలవారు అడిగినారు; ఆ ప్రశ్నే డి.ఓ.ల పక్షానికి మంచి వకీలైనది. 1966లో సైన్యం తలుపు తెరిచింది. 1969లో మిషిగన్ రాష్ట్రం ప్రభుత్వ ధనంతో తొలి ఆస్టియోపతి కళాశాల ప్రారంభించినది. 1973 నాటికి అన్ని రాష్ట్రాలలోను పూర్తి వైద్యాధికారం లభించినది. 1974లో న్యాయస్థానం తీర్పుతో కాలిఫోర్నియా సయితం తిరిగి డి.ఓ.లకు లైసెన్సులు ఇవ్వక తప్పలేదు. 2020 నాటికి రెండు పట్టాలవారికీ ఆసుపత్రి శిక్షణ ఒకే గొడుగు క్రిందకు వచ్చింది. నేడు ఆ దేశంలో వైద్యం చదివే ప్రతి నలుగురిలోను ఒకరు ఆస్టియోపతి కళాశాలలోనే చదువుతున్నారు. 2018లో షాన్ కాన్లీ, 2021లో కెవిన్ ఓకానర్ అధ్యక్షుని స్వంత వైద్యులుగా నియమితులైనారు, ఇద్దరూ డి.ఓ.లే. ఈ మాట బెజవాడ బావగారికి బాగా పనికివచ్చినదని తరువాత తెలిసింది.

మరి ఆ ప్రాంగణంలో పిల్లలు ఎట్లా బ్రతుకుతారు? చేరిన కొత్తలో తల్లిదండ్రుల సమక్షంలో తెల్లకోటు తొడిగే వేడుక జరుగుతుంది. మన పిల్లలకు అక్షరాభ్యాసం వంటిదనుకోవచ్చు. ఆ మరునాటి నుంచి తీరిక ఉండదు. చేతి విద్య నేర్పే గదిలో బల్లలు వరుసలుగా ఉంటాయి. విద్యార్థులు ఇద్దరిద్దరుగా జతకడతారు. ఒకరు వైద్యుడు, ఒకరు రోగి. కొంతసేపటికి బల్ల మీది వాడు లేచి వైద్యుడవుతాడు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చినది. తన వెన్నును ఇతరుల చేతులలో పెట్టి, ఆ చేయి చల్లగా ఉంటే ఉలిక్కిపడి, మోటుగా ఉంటే నొచ్చుకొని, ఆ తరువాత గాని రోగిని తాకడానికి వారికి అర్హత రాదు. మనం ఉపాధ్యాయ శిక్షణలో ఒకరికొకరం విద్యార్థులమై పాఠం చెప్పుకోవడం లేదా? అయితే మనం నవ్వుకొంటూ చేసేవారం. వారు కళ్లు మూసుకొని చేస్తారు.

శవచ్ఛేదన శాలలో మరొక రకపు నిశ్శబ్దం. అక్కడి దేహాలు ఎవరి సమాధి నుంచో తెచ్చినవి కావు. మరణానంతరం తమ దేహం చదువుకు పనికిరావాలని బ్రతికి ఉండగా వ్రాసి ఇచ్చినవారివి. ఏడాది పాఠం ముగిసిన తరువాత చాలా కళాశాలలలో ఆ దాతల పేర సంస్మరణ సభ జరుపుతారు. దాతల బంధువులను పిలుస్తారు. విద్యార్థులు పాడతారు, తాము వ్రాసినది చదువుతారు. స్టిల్ ఎముకల సంచీ నుంచి ఈ సభ దాకా వచ్చిన దూరం ఎన్ని మైళ్లో లెక్కకట్టడం నాకు చేతకాదు.

మూడవ ఏట ప్రాంగణం ఖాళీ అవుతుంది. ఆ కళాశాలలలో చాలవాటికి స్వంత ఆసుపత్రి లేదు. పిల్లలు దూర దూరపు ఊళ్ల ఆసుపత్రులకు చెదరిపోతారు. ఇది ఒక లోపమే. ఫీజుల భారం మరొకటి. అప్పు చేయకుండా బయటపడేవారు అరుదు. అయినా ఈ చెదరిపోవడంలో ఒక మేలున్నది. ఎ.టి. స్టిల్ యూనివర్సిటీ 2007లో అరిజోనాలో తెరిచిన శాఖలో విద్యార్థులు రెండవ ఏటి నుంచే బీదవారుండే పేటల ఆరోగ్యకేంద్రాలలో పనిచేస్తూ చదువుకొంటారు. డి.ఓ.లలో సగానికి పైగా కుటుంబవైద్యం, పిల్లల వైద్యం వంటి ప్రాథమిక వైద్యంలోనే స్థిరపడతారు. డాక్టరు దొరకని పల్లెలకు వెళ్లేవారిలో వారి పాలు తక్కువ కాదు. పల్లెలకు పోయే వైద్యుల కోసం మనమూ ఎదురుచూస్తున్నాం గదా.

డిసెంబరు సెలవులలో నా శిష్యుడు కుమార్తెను వెంటబెట్టుకొని మా ఊరు వచ్చినాడు. ఆమె చదివేది కిర్క్స్‌విల్‌లో కాదు, మరొక చోట. మాటల సందర్భాన, మీ చేతులకు ఇంతకీ ఏమి నేర్పుతారమ్మా అని అడిగినాను.

"తాతగారూ, మీ ఇంట్లో పలుచని కాగితాలున్న పెద్ద పుస్తకం ఉందా?" అన్నది.

తెలుగు పంతులు ఇంట పెద్ద పుస్తకానికి కరువా! శబ్దరత్నాకరం తెచ్చి ముందు పెట్టినాను. నా తల మీది నుంచే ఒక వెంట్రుక అడిగి పుచ్చుకొని, ఒక పుట మీద పెట్టి, దానిపై కాగితం మూసి, కళ్లు మూసుకొని వేలి కొనలతో నెమ్మదిగా రాసి, వెంట్రుక ఎటు పడి ఉన్నదో చెప్పినది. మరొక కాగితం మూసినది. మరొకటి. ఆరు కాగితాల క్రింద కూడా ఆ పిల్ల వ్రేలికి అది దొరికింది. ఏడవ దాని వద్ద తడబడి, నవ్వి, "మా లెక్చరర్‌గారికి ఇంకా చాలా కాగితాల కింద కూడా తెలుస్తుంది" అన్నది.

నేను ప్రయత్నించినాను. ముప్పది ఏండ్లు సుద్దముక్క పట్టిన వ్రేళ్లు ఇవి. రెండవ కాగితానికే చేతులెత్తేశాను. నా శిష్యుడు అంతసేపూ ప్రక్కన నిలబడి చూస్తూ ఉన్నాడు. మేము కాఫీకి లేచిన తరువాత వెనుదిరిగి చూస్తే, అతను ఒక్కడే నిఘంటువు ముందు వంగి, కళ్లు మూసుకొని, కాగితం మీద వేలు కదుపుతూ ఉన్నాడు.